నలుపు తెలుపు అయిదు రూపాయలు

రెడ్‌హిల్స్ సందులో నా దుకాణం.
ఒక షట్టరు, రెండు కంప్యూటర్లు,
వానొస్తే మూలన చెమర్చే గోడ.
ప్రింటు నలుపు తెలుపైతే అయిదు, రంగైతే పదిహేను,
లామినేషన్‌కి మిషను వేడెక్కేదాకా ఆగాలి.
ఆస్పత్రికి దగ్గర కాబట్టి
నా దగ్గరికొచ్చే కాగితాలకు
మందుల వాసనుంటుంది,
ఫోన్లోంచి వచ్చినా సరే.

స్క్రీను గిరాకీల వైపు తిప్పి పెట్టింది నేనే.
పేరు తప్పు పడితే వాళ్ళే చూసి చెబుతారని,
తర్వాత డబ్బులు వాపసు అడగరని.
తెలివైన పని అనుకున్నాను.

ఆ సోమవారం, పదకొండు దాటింది.
మునుగోడు అవతల నుంచి వచ్చాడు బాలనర్సు.
వెనక భార్య, కొంగున చీటీలు ముడేసుకుని.
"లింకొచ్చిందమ్మా, కాయితం తీసియ్యి,
కవర్ల పెట్టి అంటియ్యి, సారుకే ఇయ్యాలె" అన్నాడు,
మాట మాటకీ నా కళ్ళలోకి చూస్తూ.
ఆ చూపు నాకు అర్థం కాలేదు.
లైన్లో పదమూడు మందుంటే
చూపులు ఎవరికర్థమవుతాయి?

నొక్కాను.
అది నన్నడగలేదు. తెరవనా అనలేదు.
గాలికి తలుపు బార్లా తెరుచుకున్నట్టు
స్క్రీను నిండా పరుచుకుంది:
మణెమ్మ, నలభై ఆరు, ఆడ,
కింద లావుపాటి అక్షరాల్లో ఆ మాట.

ఆమెకు చదువు రాదు.
వెనక నిలబడ్డ పిల్లవాడికి వచ్చు.
హాల్‌టికెట్ కోసం వచ్చినవాడు,
ఇంగ్లీషు కనబడితే పైకి చదివే అలవాటున్నవాడు,
చదివాడు.
సగంలో ఆగాడు.
ఆ సగమే చాలింది.

జిరాక్సు మిషనొక్కటే మాట్లాడుతోంది.
బాలనర్సు స్క్రీనుకు చెయ్యి అడ్డం పెట్టాడు, ఆలస్యంగా.
అరచెయ్యంత మేరే మూసుకుంది.
మణెమ్మ ఎవ్వరినీ ఏమీ అడగలేదు.
కొంగు ముడి విప్పి
అయిదు రూపాయల బిళ్ళ బల్ల మీద పెట్టింది.
ఆ పిల్లవాడు హాల్‌టికెట్ తీసుకోకుండానే పోయాడు.

రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నాను.
మూడు చుక్కలు, సెట్టింగులు, గోప్యత,
అందులో ఇంకో అర, దాని లోపల ఇంకో అర,
పాతబస్తీ గల్లీలా పోయినకొద్దీ మలుపు.
అట్టడుగున ఒక్క వాక్యం:
పీడీఎఫ్‌లు ఇక్కడ తెరవొద్దు, డౌన్‌లోడ్ చెయ్యి.
ఆరేళ్ళ నుంచి అది అక్కడే ఉంది.
నేనే పోలేదు.
వర్డు ఫైళ్ళకు "ఎప్పుడూ ఇలాగే తెరువు" అని
ఎప్పుడో తొందరలో నేనే పెట్టిన టిక్కు
అదీ తీసేశాను.
రెండో కంప్యూటర్లోనూ మార్చాను.
తర్వాత స్క్రీను గోడ వైపు తిప్పాను.
ఇది సెట్టింగుల్లో లేదు,
చేత్తో తిప్పాలి.

ఇప్పుడు ఫైళ్ళు వచ్చి
చెప్పులు విడిచి గడప బయటే నిలబడ్డ చుట్టాల్లా
ఓ మూలన ఆగుతాయి, పేరు మాత్రం చెప్పి.
"లేటయితుందక్కా" అంటాడు మా ముజీబ్.
ఫైలుకో నొక్కుడు ఎక్కువ.
మౌస్ రెండు నెలలకే పోయింది, కొత్తది నాలుగొందలు.
కొందరు పక్క దుకాణం చూసుకున్నారు.
కరెంటు బిల్లుకు పరదా ఎందుకని నవ్విన వాళ్ళూ ఉన్నారు.
నిజమే.
కానీ ఏది కరెంటు బిల్లో, ఏది కాదో
లింకు మొహం చూస్తే తెలియదు గదా.

దసరా అయ్యాక మణెమ్మ వచ్చింది, ఒక్కతే.
మిట్టమధ్యాహ్నం ఎండలో తలకు మఫ్లరు.
ఫోను నా చేతిలో పెట్టింది.
కొత్త రిపోర్టు దిగింది, మూలన ఆగింది.
నేను కవరు తీశాను, జిగురు డబ్బా తీశాను.
"ఆగు బిడ్డా" అంది.
స్టూలు ఈడ్చుకుంటూ
బల్ల ఇవతలికి, నా పక్కకు వచ్చి కూర్చుంది.
గోడ వైపున్న స్క్రీనును కాసేపు చూసింది.

"ఇప్పుడు తెరువు.
నిమ్మళంగ సదువు,
నాకు ఇనబడేటంత."

చాయ్ తెమ్మని ముజీబ్‌ని పంపాను.
రెండుసార్లు నొక్కాను.